మలుపులో గడగడ వచ్చిందని డిఫరెన్షియల్ మార్చేయకండి

సంపాదకులకు,

నమస్కారం. వాహనాల గురించి పత్రికల్లో వచ్చే రాతల్లో ఇంజిన్‌కు, బ్రేకులకు, టైర్లకు దక్కే చోటు వెనక యాక్సిల్‌కు దక్కదు. ఆ యాక్సిల్ మధ్యలో ఉండి, ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచుతూ, మలుపులో అవి వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టే డిఫరెన్షియల్. అందులోనూ, ఒక చక్రం జారినా రెండోదానికి లాగే శక్తి పోకుండా చూసేందుకు పికప్ ట్రక్కులకు వచ్చే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ గురించి నడిపేవాళ్లకే కాదు, చాలామంది మెకానిక్కులకు కూడా అరకొరగానే తెలుసు. మలుపు తిప్పినప్పుడు వెనక నుంచి గడగడమంటే డిఫరెన్షియల్ మొత్తం పోయిందని తేల్చేస్తారు. లేదా విప్పి, కొత్త ప్లేట్లు వేసి, ఒక్క కొలతా తీసుకోకుండా మూసేస్తారు. మొదటి పద్ధతిలో బాగున్న సామాను చెత్తలోకి పోతుంది. రెండో పద్ధతిలో కొత్త ప్లేట్లు పాతవాటి దారినే పడతాయి. యాక్సిళ్ల పనిలోనే ఉన్నవాళ్లం కాబట్టి పరీక్ష ఎలా చెయ్యాలో, విప్పాక ఎలా కట్టాలో వివరంగా రాస్తున్నాం. కొంచెం పొడవైనా ప్రచురించమని కోరుతున్నాం.

ముందు ఇది చేసే పనేమిటో చెప్పుకోవాలి. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ టార్క్ (తిప్పే బలం) సమానంగా పంచుతుంది. ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటే దానికి అవసరమయ్యే టార్క్ ఎంత తక్కువో, గట్టి నేల మీదున్న రెండో చక్రానికి అందేదీ అంతే. బండి కదలదు. క్లచ్ ప్లేట్ల రకం లిమిటెడ్ స్లిప్‌లో ఒక్కో సైడ్ గేర్ (యాక్సిల్ షాఫ్ట్ లోపలి చివరన ఉండే గేరు) వెనక ఒక ప్లేట్ల కట్ట ఉంటుంది. కొన్ని ప్లేట్లు లోపలి పళ్లతో సైడ్ గేర్‌ను పట్టుకుంటాయి, కొన్ని బయటి చెవులతో కేజ్‌ను, అంటే ఈ గేర్లన్నీ ఉండే పెట్టెను, పట్టుకుంటాయి. మధ్యలో ఉన్న స్ప్రింగు సైడ్ గేర్లను బయటికి తోసి ఈ కట్టలను ఎప్పుడూ కొంత బిగువులో ఉంచుతుంది. ఇదే ప్రీలోడ్. దీనికి తోడు, బండి లాగుతున్నప్పుడు బెవెల్ పళ్ల ఏటవాలు వల్ల, రెండు సైడ్ గేర్ల మధ్య తిరిగే చిన్న స్టార్ గేర్లు సైడ్ గేర్లను ఇంకా బయటికి నెడతాయి. లోడు పెరిగేకొద్దీ బిగువూ పెరుగుతుంది.

ఒక చక్రం పూర్తిగా గాల్లో తేలినప్పుడు ఈ రెండో బిగువు దాదాపు ఉండదు, స్ప్రింగు బిగువు ఒక్కటే పనిచేస్తుంది. అందుకే అలాంటి చోట కాలితో బ్రేకు లేతగా నొక్కి యాక్సిలరేటర్ ఇస్తే బండి బయటపడే అవకాశం పెరుగుతుంది. జారే చక్రానికి బ్రేకు వల్ల లోడు వస్తుంది, దాంతో ప్లేట్లు బిగుస్తాయి. ఈ విషయం తెలియకే బాగున్న డిఫరెన్షియల్‌ను కూడా చాలామంది ‘పనిచేయట్లేదు’ అంటారు.

అన్ని లిమిటెడ్ స్లిప్‌లూ ఒకటి కావు. ఫోర్డ్ ట్రాక్షన్ లాక్, డానా ట్రాక్ లాక్ లాంటివి ప్లేట్ల రకం. వీటిని తిరిగి కట్టవచ్చు. ఆబర్న్ లాంటి కోన్ రకంలో కోన్‌లు నేరుగా కేజ్ గోడకే రాసుకుంటాయి. అవి అరిగాక కేజ్ కూడా అరిగినట్టే, ప్లేట్లు మార్చినట్టు మార్చి సరిచేయడం కుదరదు. టోర్సెన్, ఈటన్ ట్రూట్రాక్ లాంటి హెలికల్ గేర్ల రకంలో ప్లేట్లే ఉండవు. జనరల్ మోటార్స్ ట్రక్కుల్లో జీ80 కోడ్‌తో వచ్చే ఈటన్ లాకర్ వేరే జాతి. రెండు చక్రాల వేగాల మధ్య నిమిషానికి వంద చుట్ల దాకా తేడా వచ్చినప్పుడు లోపలి గవర్నర్ (వేగాన్ని బట్టి కదిలే బరువు) కొక్కెం పట్టి, ఒక్కసారిగా లాక్ అవుతుంది. గంటకు 32 కిలోమీటర్ల వేగం దాటాక అది లాక్ అవ్వదు. అది పట్టుకునేటప్పుడు వచ్చే ‘ఠక్’ లోపం కాదు, దానికి ఫ్రిక్షన్ మోడిఫయర్ (ప్లేట్ల రాపిడి తగ్గించడానికి ఆయిల్‌లో కలిపే ద్రవం) పొయ్యకూడదు. కాబట్టి డోర్ స్టిక్కర్ మీద యాక్సిల్ కోడ్, యాక్సిల్ కవర్ బోల్టుకు తగిలించిన రేకు ముక్క చూసి మీ దగ్గరున్నది ఏ రకమో తెలుసుకోకుండా స్పానర్ పట్టకండి. ఫోర్డ్ రేకు మీద 3ఎల్73 అని ఉంటే గేరు నిష్పత్తి 3.73, మధ్యలోని ‘ఎల్’ లిమిటెడ్ స్లిప్ గుర్తు. ఇక్కడి నుంచి మేం రాసేదంతా ప్లేట్ల రకం గురించి.

ఇంకో హెచ్చరిక ఇప్పుడే చెప్పాలి. ఈ డిఫరెన్షియల్ ఉన్న బండికి ఒక్క వెనక చక్రాన్నే లేపి ఇంజిన్‌తో గేరులో తిప్పకండి. నేల మీదున్న చక్రానికి శక్తి వెళ్లి బండి జాకీ మీద నుంచి దూకుతుంది. ఇంజిన్‌తో తిప్పాల్సిన పరీక్ష ఏదైనా రెండు చక్రాలూ నేల వదిలి, యాక్సిల్ కింద గట్టి స్టాండ్లు ఉన్నప్పుడే. చక్రాన్ని బండి మీదే ఉంచి బ్యాలెన్స్ చేసేవాళ్లకూ ఇదే మాట.

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు మలుపులో గడగడ. ఇరుకైన చోట స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా వెళ్తుంటే వెనక నుంచి వరసగా కుదుపులు, మూలుగు వస్తాయి. యాక్సిల్ చల్లగా ఉన్నప్పుడు రాకపోవచ్చు, కొంత దూరం నడిచి ఆయిల్ వేడెక్కాక మొదలవుతుంది. అందుకే షెడ్డులో చల్లటి బండిని ఒక చుట్టు తిప్పి ‘ఏమీ లేదు’ అనడం పరీక్ష కాదు. దీని కారణం రాపిడిలో ఉంది. మలుపులో బయటి చక్రం లోపలిదానికంటే ఎక్కువ తిరగాలి, అంటే ప్లేట్లు ఒకదానిమీద ఒకటి జారాలి. నిలిచి ఉన్నప్పటి రాపిడి జారుతున్నప్పటి రాపిడికంటే ఎక్కువగా ఉంటే అవి మెత్తగా జారవు. పట్టుకుంటాయి, వదులుతాయి, మళ్లీ పట్టుకుంటాయి. ఆ పట్టు, విడుపు సెకనుకు ఎన్నోసార్లు జరగడమే మనకు వినిపించే గడగడ. ఫ్రిక్షన్ మోడిఫయర్ చేసే పని నిలిచి ఉన్నప్పటి రాపిడిని దించడం.

కాబట్టి గడగడకు మొదటి అనుమానితుడు ఆయిలే, ప్లేట్లు కావు. మామూలు జీఎల్-5 (బరువు పడే గేర్లకు వాడే తరగతి) గేర్ ఆయిల్ పోసి మోడిఫయర్ మరిచిపోవడం, పాత ఆయిల్‌లో మోడిఫయర్ వేడికి చచ్చిపోవడం, నీళ్లు కలవడం, ఈ మూడే ఎక్కువ. ఆయిల్ దించి, కవర్ తీసి, అడుగును తుడిచి, కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిల్ పోసి, దానితో పాటు మోడిఫయర్ వెయ్యాలి. ఫోర్డ్ 8.8 అంగుళాల యాక్సిల్‌కు సాధారణంగా ఒక చిన్న సీసా, అంటే 118 మిల్లీలీటర్లు. ముందు మోడిఫయర్, తర్వాత ఆయిల్ పొయ్యండి. ఆయిల్ నిండాక మోడిఫయర్‌కు చోటు ఉండదు. డబ్బా మీద లిమిటెడ్ స్లిప్‌కు అని రాసి ఉన్న ఆయిళ్లలో మోడిఫయర్ ముందే కలిపి ఉంటుంది, వాటిలో అదనంగా పొయ్యడం మొదలుపెట్టే ముందు ఒకసారి నడిపి చూడండి. పోసే కొద్దీ మంచిదనుకోకూడదు. మోతాదు మించితే గడగడతో పాటు పట్టు కూడా పోతుంది. డబ్బు పెట్టి కొనుక్కున్న లిమిటెడ్ స్లిప్ మామూలు డిఫరెన్షియల్‌గా మారిపోతుంది.

కొత్త ఆయిల్ ప్లేట్ల మధ్యకు తనంతట తాను చేరదు. ఖాళీ మైదానంలో నెమ్మదిగా ఎనిమిది అంకె ఆకారంలో ఎడమకూ కుడికీ పది పన్నెండు చుట్లు తిప్పాలి. ఆ తర్వాత కూడా గడగడ తగ్గకపోతేనే ప్లేట్ల మీద అనుమానం పెట్టుకోండి.

ఆయిల్ దించేటప్పుడు దాన్ని చదవడం కూడా తెలియాలి. కవర్‌కో హౌసింగ్‌కో (యాక్సిల్ బయటి పెట్టె) అంటించి ఉన్న అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి పేస్టు ఉండటం మామూలే. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకూడదు. పొలుసుల్లాంటి మెరిసే రేకులు బేరింగు ట్రాక్ ఊడుతోందని చెబుతాయి. మూల తెగిన గట్టి ముక్కలు పంటివి. ఆయిల్ నల్లగా, మాడు వాసనతో, అడుగున నల్లటి మడ్డితో ఉంటే రాపిడి ప్లేట్ల పూత పోతోంది. పాలరంగుకు తిరిగితే నీళ్లు చేరాయి. అప్పుడు సీళ్ల కంటే ముందు బ్రీదర్ (యాక్సిల్‌లోకి గాలి వచ్చిపోయే దారి) చూడండి. అది మూసుకుపోయిన యాక్సిల్ వేడెక్కినప్పుడు ఒత్తిడితో ఆయిల్‌ను సీళ్ల గుండా బయటికి తోస్తుంది, వాగులో దిగి చల్లబడినప్పుడు అదే దారిలో నీళ్లు లోపలికి పీలుస్తుంది. కొత్త సీలు వేసి బ్రీదర్ శుభ్రం చేయకపోతే ఆ సీలూ కారుతుంది.

టైర్ల గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ప్లేట్లను తినేసే కారణం తరచుగా అక్కడే ఉంటుంది. 760 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న టైరు కిలోమీటరుకు దాదాపు 419 చుట్లు తిరుగుతుంది. రెండో వైపు టైరు 5 మిల్లీమీటర్లు ఎక్కువ అరిగి వ్యాసం 750 అయితే అది దాదాపు 424 చుట్లు తిరగాలి. అంటే తిన్నటి రోడ్డు మీద కూడా రెండు చక్రాల మధ్య కిలోమీటరుకు ఐదారు చుట్ల తేడా. ప్లేట్లు మలుపులో మాత్రమే జారాల్సింది పోయి, బండి నడిచినంతసేపూ జారుతూ వేడెక్కుతాయి. వెనక రెండు టైర్లూ ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే అరుగుదల, ఒకే గాలి ఉండాలి. చిన్న సైజు స్టెప్నీ వేసుకుని దూరప్రయాణం చేయకూడదు. టేపుతో రెండు టైర్ల చుట్టుకొలత తీసి రాసుకోకుండా ప్లేట్లు మార్చే మెకానిక్కు సగం పనే చేసినట్టు.

మోత, గడగడ ఒకటి కావు. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు మాత్రమే ఈల లాంటి మోత వస్తే క్రౌన్ (కేజ్‌కు బిగించిన పెద్ద పళ్ల చక్రం), పినియన్ (గేర్‌బాక్సు నుంచి శక్తి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌తో తిరుగుతూ దాన్ని తిప్పే చిన్న గేరు) పళ్ల వైపు చూడాలి. కాలు తీసి బండి దానంతట అది సాగుతున్నప్పుడు మాత్రమే వస్తే పినియన్ బేరింగ్ బిగువు సడలిందేమో చూడాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊడదీసి ఫ్లాంజిని ఊపితే ఆడుతుంది. కాలు వేసినా తీసినా మారని మోత బేరింగుదే. 3.73 నిష్పత్తిలో పినియన్ చక్రంకంటే మూడున్నర రెట్లు పైనే తిరుగుతుంది కాబట్టి పినియన్ బేరింగ్ మోత సన్నగా, వేగంగా ఉంటుంది, కేజ్ బేరింగ్ మోత మొద్దుగా ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద బండిని అటూ ఇటూ కొద్దిగా వంచితే మోత మారుతుంటే అది యాక్సిల్ చివరి బేరింగు. రివర్స్ నుంచి ముందు గేరుకు మార్చగానే ‘ధన్’ మంటే డిఫరెన్షియల్‌ను తప్పుపట్టే ముందు యూజే క్రాసులు (ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర్లలోని కీళ్లు), ఆ షాఫ్ట్ స్ప్లైన్లు (పొడవునా ఉండే గాళ్ల పళ్లు) చూడండి.

ఇక ప్లేట్ల పట్టు ఎంతుందో చెప్పే పరీక్ష. రెండు చక్రాలూ లేపి ఒకదాన్ని చేత్తో తిప్పితే రెండోది అదే వైపు తిరగాలి అని చాలామంది చెబుతారు. అదే వైపు తిరిగితే మామూలు రకం కాదని మాత్రం తెలుస్తుంది, ఆరోగ్యం తెలియదు. ప్లేట్లు పూర్తిగా అరిగిన లిమిటెడ్ స్లిప్ కూడా మామూలుదానిలాగే ఎదురు వైపు తిరుగుతుంది. ఆరోగ్యం టార్క్ రెంచ్ చెప్పాలి. ముందు చక్రాలకు చెక్కలు పెట్టి, ఇంజిన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలి, ఒక వెనక చక్రాన్ని మాత్రం లేపండి. చక్రం తీసి హబ్ స్టడ్లకు ఒక పట్టీ బిగించి, దాని నడిమధ్యలో టార్క్ రెంచ్ పెట్టి నెమ్మదిగా తిప్పాలి. బ్రేకు రాసుకుంటుంటే ఈ లెక్క తప్పుతుంది, ముందే చూసుకోండి. ఫోర్డ్ ట్రాక్షన్ లాక్‌కు కనీసం 27 న్యూటన్ మీటర్లు ఉండాలి. జీప్ బళ్లలో వచ్చే ట్రాక్ లాక్‌కు 41 కంటే తగ్గినా, 271 కంటే పెరిగినా విప్పాల్సిందే. కదలడానికి పట్టిన టార్క్ కంటే తిరుగుతున్నప్పటి టార్క్ కొంత తగ్గవచ్చు, అది సహజం. కానీ చుట్టంతా ఒకే బిగువుతో తిరగాలి. మధ్యలో జారి, మళ్లీ పట్టి, గెంతుతూ తిరిగితే ప్లేట్లు కాలిపోయో, వంగిపోయో ఉన్నాయి. రెండు వైపులా తీసి రాసుకోండి.

ఆయిల్ మార్చారు, టైర్లు సరిపోయాయి, టార్క్ తక్కువ వచ్చింది. అప్పుడు విప్పండి. బేరింగులు మోగకుండా, క్రౌన్ పళ్లు శుభ్రంగా ఉంటే కేజ్‌ను హౌసింగ్ నుంచి బయటికి తియ్యనక్కర్లేదని చాలామందికి తెలియదు. యాక్సిల్ షాఫ్ట్‌లను లోపల సీ ఆకారపు క్లిప్పులు పట్టి ఉంచే యాక్సిళ్లలో, ఫోర్డ్ 8.8 లాంటివాటిలో, ప్లేట్లను కేజ్ కిటికీ గుండానే మార్చవచ్చు. అలా చేస్తే క్రౌన్, పినియన్ సెట్టింగును ముట్టుకోం. కుదురుగా నడుస్తున్న క్రౌన్, పినియన్‌ను అనవసరంగా కదిపి మోత తెచ్చుకోవడం కంటే ఇది ఎంతో మేలు.

దీని క్రమం ఇది. ఫిల్లింగ్ ప్లగ్ ఊడి వస్తుందో లేదో ముందే చూసుకుని, తర్వాతే ఆయిల్ దించండి. దించాక ఆ ప్లగ్ రాకపోతే బండి అక్కడే నిలిచిపోతుంది. చక్రాలు, డ్రమ్ములో కాలిపర్లో తీసి, కవర్ తీసి, కేజ్‌ను తిప్పి క్రాస్ పిన్ను (స్టార్ గేర్లు తిరిగే ఇరుసు) లాక్ బోల్టు ఎదురుగా వచ్చేలా పెట్టండి. ఆ బోల్టు సన్నది, లోపల గమ్ పట్టి ఉంటుంది, మొరటుగా తిప్పితే తల తెగుతుంది. కొద్దిగా వేడి చేసి, కొత్త ఆరు పలకల సాకెట్‌తో తియ్యండి. పాత బోల్టు మళ్లీ వాడకండి. పిన్ను లాగేశాక యాక్సిల్ షాఫ్ట్‌ను లోపలికి నెడితే క్లిప్పు రాలుతుంది, అప్పుడు షాఫ్ట్ బయటికి వస్తుంది. షాఫ్ట్ స్ప్లైన్లు సీలు పెదవిని కోయకుండా అడుగున చెయ్యి పెట్టి లాగండి. పిన్ను లేనప్పుడు కేజ్‌ను తిప్పకండి, స్టార్ గేర్లు దొర్లి అడ్డం పడతాయి.

మధ్యలో ఎస్ ఆకారంలో ఉండే స్ప్రింగు గట్టి బిగువులో ఉంటుంది. కంటికి అద్దాలు లేకుండా దాని ఎదురుగా నిలబడకండి. ఇత్తడి డ్రిఫ్ట్‌తో ఒక వైపు నుంచి కొడుతూ, రెండో వైపు గుడ్డ అడ్డం పెట్టి తియ్యాలి. తర్వాత సైడ్ గేర్‌ను తిప్పితే స్టార్ గేర్లు కిటికీలోకి వస్తాయి, వాటి వెనక వాషర్లతో సహా తియ్యండి. చివరికి సైడ్ గేర్, ప్లేట్ల కట్ట, అడుగున షిమ్ (మందం సరిచేసే పలచటి వాషరు) వస్తాయి. ఎడమవి ఎడమగా, కుడివి కుడిగా, వచ్చిన వరసలోనే ఒక తీగకు గుచ్చి ఉంచండి.

ఇప్పుడు చూడటం. స్టీలు ప్లేట్ల మీద నీలం మచ్చలు వేడిని చూపిస్తాయి. అద్దం పలక మీద పెట్టి నొక్కితే ఊగే ప్లేటు వంగింది. రాపిడి ప్లేట్ల పూత పెచ్చులుగా లేచినా, గాడులు చదునైనా, చెవుల అంచులు మొద్దుబారినా పనికిరావు. ప్లేట్ల కంటే ముఖ్యంగా కేజ్ లోపల చెవులు కూర్చునే గాళ్లను వేలుగోరుతో తడిమి చూడండి. అక్కడ మెట్టు పడి ఉంటే కొత్త ప్లేట్లు ఆ మెట్టు దగ్గర ఇరుక్కుని సరిగా బిగుసుకోవు, వదలవు. మేం చూసే లోపాల్లో ఎక్కువ మంది చూడకుండా వదిలేసేది ఇదే. క్రాస్ పిన్ను మీద స్టార్ గేర్లు తిరిగే చోట మెట్టు, చారలు ఉంటే పిన్ను మార్చాలి. స్టార్ గేర్ల వాషర్లు పలచబడితే పళ్ల మధ్య ప్లే (వదులు) పెరుగుతుంది, గేరు మార్చినప్పుడు వచ్చే ‘ధన్’ కొంత అక్కడిది.

ప్లేట్లు మారిస్తే రెండు వైపులా మార్చండి. ఒక వైపు కొత్తవి, ఒక వైపు పాతవి వేస్తే రెండు కట్టల బిగువు ఒకటి కాదు. పాతవాటిలో బాగున్నవి ఏరుకుని కొత్తవాటిలో కలపకండి. వేసే ముందు రాపిడి ప్లేట్లను మోడిఫయర్ కలిపిన గేర్ ఆయిల్‌లో కనీసం 20 నిమిషాలు నాననివ్వండి. రాత్రంతా ఉంచినా నష్టం లేదు. పొడిగా వేసిన ప్లేట్లు ఆయిల్ అందేలోపే, మొదటి మలుపులోనే ఉపరితలం మాడ్చుకుంటాయి, ఆ తర్వాత ఎంత మోడిఫయర్ పోసినా గడగడ పోదు.

అన్నిటికంటే జాగ్రత్త కావాల్సింది షిమ్ దగ్గర. కొత్త ప్లేట్ల మొత్తం మందం పాతవాటికంటే ఎక్కువ. పాత షిమ్‌నే తిరిగి వేస్తే ఒక్కోసారి స్టార్ గేర్లు కిటికీలోంచి లోపలికి దొర్లవు. సుత్తితో కొట్టి ఎక్కిస్తే పళ్ల మధ్య ప్లే లేకుండా పోయి గేర్లు మాడతాయి. భయపడి మరీ పలచటి షిమ్ వేస్తే సైడ్ గేర్ ఇంకా బయటికి జరగడానికి చోటు దొరుకుతుంది, స్ప్రింగు సాగిపోతుంది, బిగువు పుట్టదు. సరైన పద్ధతి, కట్టను సైడ్ గేర్ మీద పేర్చి, గట్టిగా నొక్కి పట్టి, మైక్రోమీటర్‌తోనో, కంపెనీ గేజ్ పట్టీకీ కట్టకూ మధ్య ఫీలర్ గేజ్ పెట్టో ఎత్తు తీసుకుని, మాన్యువల్ పట్టిక చెప్పిన మందం షిమ్ వెయ్యడం. ఒక్కో వైపుకు విడిగా కొలవాలి. ఎడమకు సరిపోయిన షిమ్ కుడికీ సరిపోతుందని ఊహించకండి. తర్వాత స్ప్రింగు లేకుండా స్టార్ గేర్లు, పిన్ను వేసి చేత్తో తిప్పి చూడండి. ఎక్కడా ఇరుక్కోకుండా తిరగాలి, అలాగని సైడ్ గేర్ వదులుగా గలగలాడకూడదు. అది కుదిరాకే స్ప్రింగు కొట్టండి. స్టార్ గేర్లు రెండూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా పడాలి. ఒక పన్ను తేడా వచ్చినా పిన్ను దూరదు, మళ్లీ మొదటికి రావాలి. లాక్ బోల్టుకు థ్రెడ్ లాక్ గమ్ వేసి, చెప్పిన టార్క్‌కు బిగించండి. ఈ బోల్టు వదులైతే పిన్ను బయటికి జరిగి హౌసింగ్‌ను కొడుతుంది, దాంతో యాక్సిల్ మొత్తం పోతుంది.

బేరింగులూ పోయి, కేజ్ బయటికి తియ్యక తప్పకపోతే పని రెట్టింపు. తీసే ముందే క్రౌన్ ప్లేను డయల్ గేజ్‌తో కొలిచి రాసుకోండి, పళ్లకు రంగు పూసి ముద్ర ఫోటో తీసుకోండి. బేరింగ్ క్యాపులు హౌసింగ్‌తో కలిపి బోర్ చేసినవి. ఎడమది కుడికి, తలకిందులుగా వేస్తే బేరింగ్ బిగుసుకుపోతుంది, కాబట్టి పంచ్‌తో గుర్తులు పెట్టండి. ఏబీఎస్ సెన్సార్ కేజ్ మీది పళ్ల చట్రాన్ని చదివే బళ్లలో ముందు సెన్సార్ తియ్యాలి, లేకపోతే కేజ్ లాగేటప్పుడు విరుగుతుంది. పక్క షిమ్‌లను ఏ వైపువి ఆ వైపు పెట్టండి. హౌసింగ్‌ను స్ప్రెడర్‌తో తెరిచే రకాల్లో అర మిల్లీమీటరు దాటనివ్వకండి, దాటితే అది తిరిగి తన ఆకారానికి రాదు. క్రౌన్ బోల్టులు కొన్ని యాక్సిళ్లలో ఎడమ మరలు. క్రైస్లర్ 8.25, 9.25 అంగుళాలవి అలాంటివే. తిరగట్లేదని పొడవైన రాడ్ వేసే ముందు బోల్టు తల మీద గుర్తు చూడండి.

పాత క్రౌన్, పినియన్‌నే మళ్లీ వాడుతుంటే కొత్తదానికి రాసిన ప్లే కాకుండా, విప్పే ముందు మీరు రాసుకున్న ప్లేకే తీసుకురండి. ఆ పళ్లు ఆ చోట ఒకదానికొకటి అలవాటుపడ్డాయి. కొత్త జత అయితే చాలా పికప్ యాక్సిళ్లకు 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ యాక్సిల్ మాన్యువల్‌లో చూసుకోండి. ఒక చోట కొలిచి సరిపెట్టకుండా క్రౌన్ చుట్టూ నాలుగు చోట్ల తియ్యండి. కేజ్‌ను పక్కకు జరిపిన దూరంలో దాదాపు పదింట ఏడు వంతులు ప్లేలో కనిపిస్తుంది. ప్లే 0.07 తగ్గించాలంటే క్రౌన్ వైపు 0.10 షిమ్ కలిపి, ఎదురు వైపు అంతే తియ్యాలి. ఒక వైపే కలిపితే బేరింగ్ బిగువు మారిపోతుంది.

రంగు ముద్ర పంటి లోతుకు దిగితే పినియన్ క్రౌన్‌కు మరీ దగ్గరగా ఉంది, పంటి కొసన ఉంటే దూరంగా ఉంది. పినియన్ తలకూ లోపలి బేరింగుకూ మధ్య షిమ్ ఉండే యాక్సిళ్లలో మందం పెంచితే దగ్గరవుతుంది, తగ్గిస్తే దూరమవుతుంది. ప్లేతో దీన్ని సరిచేయబోకండి. ముందు లోతు, తర్వాత ప్లే.

పినియన్ నట్టు దగ్గర తొందర పనికిరాదు. లోపలి నలిగే స్లీవ్ (పినియన్ బేరింగుల మధ్య ఉండే గొట్టం) ప్రతిసారీ కొత్తది వెయ్యాలి. నట్టును కొద్దికొద్దిగా బిగిస్తూ, అంగుళం పౌండ్ల చిన్న రెంచ్‌తో పినియన్ తిరిగే బిగువు చూస్తూ పోవాలి. ఫోర్డ్ 8.8కు కొత్త బేరింగులతో 1.8 నుంచి 3.3 న్యూటన్ మీటర్లు, పాత బేరింగులే వేస్తే 0.9 నుంచి 1.6. ఈ కొలత కేజ్ లోపల పెట్టక ముందు తియ్యాలి. మించిపోతే నట్టు వెనక్కి తిప్పితే చాలనుకుంటారు. చాలదు. నలిగిన స్లీవ్ మళ్లీ లేవదు, అది తీసి ఇంకోటి వెయ్యాలి. ఇంపాక్ట్ గన్‌తో ఈ నట్టు బిగించేవాళ్లు దయచేసి మానుకోండి.

కవర్‌కు సిలికాన్ గమ్ బోల్టు రంధ్రాల లోపలి వైపుగా ఒకే గీతగా పూసి, ఆరనిచ్చాకే ఆయిల్ పొయ్యండి. బండి చదునైన నేల మీద ఉండగా ప్లగ్ రంధ్రం అంచు దాకా నింపాలి. వెనక భాగం లేపి నింపితే లెక్క తప్పుతుంది.

కట్టిన బండిని వెంటనే బరువుకు పంపకండి. ఎనిమిది అంకె చుట్లు నెమ్మదిగా తిప్పి, ఇరవై నిమిషాలు మామూలుగా నడిపి, చల్లారనిచ్చి, మళ్లీ టార్క్ రెంచ్ పెట్టండి. కొత్త ప్లేట్లతో మొదట ఎక్కువ చూపించి, కూర్చున్నాక కొంత తగ్గుతుంది. క్రౌన్, పినియన్ కూడా కొత్తవైతే 800 కిలోమీటర్లకు ఆయిల్ మార్చి, అయస్కాంతం మరోసారి చూడండి. రెండు వైపులా వేసిన షిమ్ మందం, ప్లే, పినియన్ బిగువు, చివరి టార్క్, పోసిన ఆయిల్ గ్రేడ్, మోడిఫయర్ మోతాదు ఒక కాగితం మీద రాసి బండి యజమానికి ఇవ్వాలి. యజమానులు కూడా అడిగి తీసుకోవాలి. తర్వాత ఆ యాక్సిల్ ఎవరు విప్పినా మొదట చూడాల్సింది ఆ కాగితమే.

ఇట్లు,
యాక్సిల్ మరమ్మతు మెకానిక్కులు